మోపెడ్ మీద కండక్టర్‌కి చోటేదీ?

డిపోలో ఆమెకు 'పెళ్ళినడక' అని పేరు. ఎదురుగా అనరు, వెనక అనుకుంటారు. ఎదురుపడితే 'డ్రైవరమ్మా' అని మర్యాదగానే పిలుస్తారు. ఆమె తోలే సిటీ బస్సులో నిలబడ్డవాళ్ళు కూడా పైన కడ్డీ పట్టుకోరు. ఆ అవసరం రాదు. నిద్రపోతున్న పసిపిల్లను భుజాన వేసుకుని ఎక్కిన తల్లి, ఆ పిల్ల నిద్ర చెడకుండానే దిగిపోతుంది. గతుకు కనిపిస్తే చాలు, వయసు మీరిన చుట్టాన్ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపినట్టు దింపుతుంది బస్సుని. ఆలస్యమవుతోందని జనం సణుగుతారు. ఆ సణిగినవాళ్ళే మర్నాడు వచ్చిన బస్సు వదిలేసి మరీ ఆమె బస్సు కోసం నిలబడతారు. మనుషులంతే, సణగడం నోటి పని, ఎక్కడం కాళ్ళ పని.

అలాంటి మనిషి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టీవీ ముందు చతికిలబడి గేమ్ రిమోట్ అందుకుంటే చూడాలి! ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెత ఈవిణ్ణి చూశాకే పుట్టి ఉంటుంది. ఆ ఆటలో కొండదారి మీద కార్ల పందెం. ఆమెది ఎర్ర కారు. మలుపు ఎడమకి వస్తే మనిషి మొత్తం ఎడమకి ఒరుగుతుంది. కుడికి వస్తే రిమోట్‌తో సహా కుడికి వాలిపోతుంది. ఒకసారి ఆ ఊపులో భుజం తగిలి కుట్టుమిషన్ మీదున్న గుండుసూదుల డబ్బా బోర్లాపడింది. వారం రోజులు ఇంట్లో ఇద్దరూ నేల చూసుకుంటూ నడిచారు.

"నువ్వు ఒరిగితే కారు తిరుగుతుందా ఏంటే?" అన్నాడు మొగుడు, సూదులు ఏరుకుంటూ. ఆయన దర్జీ. ముందుగదే ఆయన దుకాణం.

"ఒరక్కపోతే మాత్రం తిరుగుతుందా?" అంది ఆమె. ఆయన మళ్ళీ సూదుల మీదికి వంగాడు. ఆయన దగ్గర చాలావాటికి జవాబు ఉండదు, అందుకే ఆ కాపురం చల్లగా సాగుతోంది.

ఆ ఆట కొన్న కొత్తలో ఒక చిక్కు వచ్చింది. కారులో పక్క సీట్లో ఎవరో కూర్చున్నట్టు ఒక గొంతు ఇంగ్లీషులో దారి చెబుతూ ఉంటుంది. లెఫ్ట్ అంటే ఎడమకి, రైట్ అంటే కుడికి. ఇది లోకమంతటికీ తెలిసిన సంగతే, బస్సు తోలేవాళ్ళకి తప్ప. బస్సులో కండక్టర్ 'హోల్డాన్' అంటే ఆపమని. 'రైట్ రైట్' అంటే ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు, ఇక పోనివ్వమని. అందులో కుడీ లేదు, ఎడమా లేదు. ఇన్నేళ్ళుగా చెవిలో నాటుకుపోయిన ఆ మాట వినబడగానే ఆమె కాలు ఆలోచించేది కాదు. ఆ గొంతు 'రైట్' అంటుంది, ఈమె నిక్షేపంగా ముందుకి పోనిస్తుంది, ఎర్ర కారు తిన్నగా లోయలోకి దూకుతుంది.

"కుడికి తిప్పమని అంత గట్టిగా చెబుతుంటే లోయలోకి ఎందుకు పోతావే?"

"రైట్ అన్నాడు కాబట్టే పోనిచ్చాను."

చివరికి విసిగిపోయి ఆ గొంతే నొక్కేసింది. అప్పట్నుంచి దారి చెప్పేవాళ్ళు లేరు. పక్క సీటు ఖాళీ.

రోజంతా ఆమె బండి ఇంకొకరి కోసమే ఆగుతుంది, ఇంకొకరి కోసమే కదులుతుంది. ఆఖరికి దాహం వేసినా చివరి స్టాపు దాకా ఆగాలి. సాయంత్రం ఆ గోడ ముందు కూర్చున్న గంట మాత్రం ఏ స్టాపూ లేని దారి. అందుకే ఆ గోడంటే ఆమెకు ప్రాణం. గోడ అని ఎందుకంటున్నానంటే, ఆ ముందుగదిలో కిటికీ ఒక పక్క, వీధి తలుపు ఒక పక్క, వంటింటి గుమ్మం ఒక పక్క పోగా, ఏదైనా ఆనించి పెట్టుకోవడానికి మిగిలింది ఆ ఒక్క గోడే. దానికి ఆనుకునే టీవీ, దాని కింద ఆటపెట్టె.

సరిగ్గా ఆ గోడకే వచ్చింది గండం.

ఆమె అత్తగారు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కోడలు స్టీరింగ్ పట్టేనాటికే ఆవిడ టికెట్ల సంచీ దించేసింది కాబట్టి ఇద్దరూ ఒకే బస్సులో ఎప్పుడూ పని చెయ్యలేదు. ఊరికి అటు చివర తన గదిలో తను ఒక్కతే ఉండేది. సెలవు రోజున వచ్చి, వీపు ఆనించకుండా నిటారుగా కూర్చుని, టీవీ వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసి, "పొద్దంతా బండే, ఇంటికొచ్చీ బండేనా?" అని ఒక్క మాట అనేసి వెళ్ళేది. ఆ ఒక్క మాటా కోడలికి వారమంతా నమలడానికి సరిపోయేది. కదిలే బస్సులో ఏ ఆసరా లేకుండా నిలబడి జీవితమంతా టికెట్లు కొట్టిన ఆ మనిషి, కదలని గుమ్మం దిగుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేశారు. పెద్దకొడుకైన దర్జీ వెళ్ళి తీసుకొచ్చాడు.

మంచం వెయ్యాలి. గోడ ఒక్కటే. టీవీ, ఆటపెట్టె అటకెక్కాయి.

"అమ్మ కట్టు విప్పాక కూడా మన దగ్గరే ఉండిపోతే బావుంటుంది కదే" అన్నాడు దర్జీ, నిచ్చెన దిగుతూ.

"ఊఁ" అంది ఆమె. బట్ట చూడగానే కొలత చెప్పగల దర్జీకి ఆ 'ఊఁ' కొలత మాత్రం అంతుపట్టలేదు. ఆమెకు అంతుపట్టింది, అందుకే సిగ్గేసింది. అత్తగారు కోలుకోవాలని నిజంగానే కోరుకుంది. కోలుకుని వెళ్ళిపోవాలనీ అంతే నిజంగా కోరుకుంది. రెండోది పైకి అనే మాట కాదు కదా.

ఆ మర్నాడు మరిది ఊడిపడ్డాడు. అత్తగారి చిన్నకొడుకు, డిపోలోనే మెకానిక్కు. చేతిలో అరచెయ్యంత గేమ్.

"గోడతో పనేంటి వదినా? ఇది తీసుకో. అదే ఆట, అదే కొండదారి, మొత్తం ఇందులో ఎక్కించాను. బస్సు కింద పడుకుని స్పేర్ పార్ట్ కోసం ఎదురుచూస్తుంటానా, అప్పుడు నాకిదే లోకం. కరెంటు పోయినా ఆగదు. టీవీ ఇవ్వమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు."

"అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నావన్నమాట."

"అద్దీ! కరెక్టుగా చెప్పావు వదినా" అని మురిసిపోయాడు అమాయకుడు.

మొదట అది ఆమెకు కొరకరాని కొయ్యే అయింది. చివరి స్టాపులో బస్సు ఆపి, తిరుగు ప్రయాణానికి ముందున్న కాస్త తీరికలో బయటికి తీసేది. ఎర్ర కారు మలుపు దగ్గరికి వచ్చేది. అలవాటు కొద్దీ ఎడమకి ఒరిగేది. చేతులతో పాటు తెరా ఎడమకి పోయేది, తెరతో పాటు రోడ్డూ పోయేది. టీవీ అయితే గోడకు ఆనుకుని కదలకుండా ఉంటుంది, మనిషి ఎంత ఒరిగినా ఓర్చుకుంటుంది. ఇది అలా కాదు, మనం ఒరిగితే తనూ ఒరుగుతుంది. కారు వెతుక్కునేలోపు ప్రయాణికులు అద్దం మీద తట్టేవారు, "డ్రైవరమ్మా, పోదామా?" అని.

అయినా అలవాటు పెద్ద మందు. మెడ వంచడం నేర్చుకుంది, ఒరగకుండా బిగపట్టుకోవడం నేర్చుకుంది. పైగా న్యాయం న్యాయంగా చెప్పాలి, దానికీ ఒక సుగుణం ఉంది. అది ఎవరి చోటూ అడగదు, ఎవరి నిద్రా చెడగొట్టదు. సాయంత్రం పూట వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గోడ లేకపోయినా తన గంట తను గడుపుకునేది.

ఇక మంచం మీద ఆవిడ సంగతి. నిమిషానికి ఎంతోమందిని చూసిన కళ్ళకి ఇప్పుడు చూడ్డానికి పైకప్పు తప్ప ఏమీ లేదు. కొడుకు మిషన్ చప్పుడు. ఎదురుగా గుమ్మంలో కోడలు. కోడలి చేతిలో ఏముందో ఆ దూరానికి ఆనదు, మొహం ఒక్కటే కనిపిస్తుంది. ఆ మొహం ఉన్నట్టుండి పళ్ళు కొరుకుతుంది, కళ్ళు పెద్దవి చేస్తుంది, తనలో తను నవ్వుకుంటుంది.

"నీ పెళ్ళానికి ఒంట్లో బాగానే ఉందంటావా?" అని అడిగింది కొడుకుని, గొంతు తగ్గించి.

"గేమ్ ఆడుతోందమ్మా."

"ఎవరితో?"

దర్జీ దారం కొరికి సూదిలోకి ఎక్కించాడు.

ఒక సాయంత్రం కొంప మునిగింది. ఆ కొండదారిలో ఒకచోట పాత లారీ ఒకటి ఎదర నత్తలా పోతూ ఉంటుంది. దారి సన్నం, పక్కన లోయ, అది తప్పుకోదు. ఆ పూట డ్యూటీలో ట్రాఫిక్ నమిలేసి పంపిందేమో, డ్రైవరమ్మకి ఓపిక లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఇల్లదిరేలా అరిచింది.

"తప్పుకోవే ముసలిదానా! ఎన్నాళ్ళని నా దారికి అడ్డంగా పడుంటావ్?"

మిషన్ ఆగిపోయింది. దర్జీ కాలు పెడల్ మీద అలాగే ఉండిపోయింది. అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, ఆ చెక్క మొహం ఎలా ఉంటుందో అప్పుడు ఆయన్ని చూస్తే తెలిసేది.

ఎవరో తన వైపే చూస్తున్నట్టనిపించి ఆమె తలెత్తింది. ఇయర్‌ఫోన్స్ తీసింది. అత్తగారు దిండు పక్కకి చెయ్యి చాపింది. ఫోన్ తీసుకుని చిన్నకొడుక్కి చేసింది. "కట్టు విప్పిన రోజున వచ్చి నన్ను నీ ఇంటికి తీసుకుపో. ఆఁ, అక్కడే ఉంటాను. కారణం లేదు. కొట్టిన టికెట్ వాపసు తీసుకోను, గుర్తుంచుకో" అని పెట్టేసింది.

"అయ్యో అత్తయ్యా! మిమ్మల్ని కాదు, లారీని!"

"ఏ లారీ?"

"ఇందులో. ముసలి లారీ. దారివ్వదు."

"ఈ ఇంట్లో లారీ నాకెక్కడా కనబడలేదమ్మా."

పరుగున వెళ్ళి అరచేతి గేమ్ ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "చీమ పాకుతోంది" అంది. "చీమని పట్టుకుని ముసలిదంటారా ఎవరైనా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది కోడలి పని. ఎంత చెబితే అంత అబద్ధంలా వినబడుతోంది తన గొంతు తనకే. లారీనే అన్న మాట నిజం. కానీ ఆ అరుపు లారీకి తగినంత ఉందా, లారీకి మించి ఉందా? అది తేలక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక లాభం లేదని నిచ్చెన తెచ్చి అటక కింద వేసింది.

"టీవీ దింపండి" అంది మొగుణ్ణి.

"ఇప్పుడా? ఎక్కడ పెడతాం?"

"మీ బల్ల మీద."

బట్టలు కత్తిరించే బల్లని మంచం కాళ్ళవైపు లాగి, దాని మీద టీవీ, ఆటపెట్టె పెట్టారు. దర్జీ కత్తెరా, కొలత టేపూ పట్టుకుని నేల మీదికి దిగాడు. తెర సరిగ్గా కనిపించే చోటు ఇక ఒక్కటే మిగిలింది, అత్తగారి మంచం అంచు. డ్రైవరమ్మ బితుకుబితుకుమంటూ ఆ అంచునే కూర్చుంది.

ఎర్ర కారు బయల్దేరింది. కొండెక్కింది. మలుపు తిరగ్గానే ఎదర లారీ. రంగు వెలిసి, సొట్టలు పడి, నల్లగా పొగ కక్కుతూ, ఎవరికోసమూ కంగారు పడని లారీ.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇదా ముసలిది?"

"ఇదే అత్తయ్యా."

"ముసలిదే పాపం" అంది ఆవిడ. ముందుకి వంగి, "హారన్ కొట్టవేం?"

"హారన్ లేదు అత్తయ్యా ఇందులో."

"హారన్ లేని బండి రోడ్డెక్కించారా! ఎవడు వాడు? సరే, ఎడమ పక్క చోటుంది చూడు. అద్దం మడిస్తే పట్టేంత సందు. దూర్చు. దూర్చు... దూర్చు... రైట్ రైట్!"

ఆ కేక చెవిన పడగానే డ్రైవరమ్మ కాలు ఆలోచించలేదు. ఉత్తి నేల మీదే ఆక్సిలరేటర్ తొక్కినట్టు తొక్కింది, చేతులు వాటంతటవే కదిలాయి. ఎర్ర కారు లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ దారిలో 'రైట్' అన్న మాట ఆమెను లోయలోకి పడెయ్యకపోవడం అదే మొదటిసారి. దాటాక కుడికి తిప్పిన ఊపులో ఆమె ఒరిగి అత్తగారి భుజం మీద పడింది. ఆవిడ పక్కకి జరగలేదు. కదిలే బండిలో మీద పడ్డవాళ్ళని విసుక్కోకపోవడం ఆవిడకు ఉద్యోగంలో అబ్బిన గుణం.

ఆ రోజు నుంచి సాయంత్రం అవుతూనే అత్తగారు దిండుకి ఆనుకుని సిద్ధంగా ఉండేది. పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. "హోల్డాన్!" అని ఆవిడ అరిచేది, ఈమె బ్రేకు వేసేది, వెనక కార్లన్నీ జుయ్యిమంటూ దాటిపోయేవి.

"ఎందుకాపమన్నారు అత్తయ్యా?"

"అక్కడ గొడుగు పట్టుకుని ఒకామె నిలబడింది. చూళ్ళేదా? ఎక్కుతుందేమోనని."

"పందెం చూడ్డానికి వచ్చింది అత్తయ్యా ఆవిడ!"

"వర్షంలో నిలబెట్టి పోతామా?"

పందేల్లో ఆఖరి స్థానం ఖాయమైపోయింది. అయినా ఇంట్లో నవ్వులకి లోటు లేదు. అత్తగారు కుడిని కుడి అనేది, ఎడమని ఎడమ అనేది. 'రైట్' అన్న మాట పోనివ్వమనే అసలు అర్థంలోనే ఉండేది. మిషన్ దగ్గర దర్జీ కూడా ఒక కన్ను తెర మీద వేసి, ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టాడు.

మధ్యలో చూడ్డానికి వచ్చిన మరిది ఈ సంబరం చూసి నోరు వెళ్ళబెట్టాడు. "అంత చిన్నది ఇచ్చాను కదమ్మా, మళ్ళీ ఈ పెద్ద పెట్టె, తీగలు, బల్ల... ఎందుకిదంతా?"

"నీది మోపెడ్డురా. ఒక్కడివీ ఎక్కి తుర్రుమంటావు" అంది తల్లి. "బావుంటుంది, కాదన్ను. మరి మోపెడ్ మీద కండక్టర్‌కి చోటేదీ?"

"మోపెడ్ సందుల్లోకి కూడా పోతుందమ్మా. బస్సు పోగలదా?"

"పోలేదు. ఆ సంగతి మీ వదినకి తెలుసు. అందుకే చివరి స్టాపులో మోపెడ్డే తీస్తోంది ఇప్పటికీ." అందులో అబద్ధం లేదు. అరచేతి గేమ్ బస్సులో ఆమె సంచీలోనే ఉంటోంది. ఒంటరిగా ఉండాలనిపించే కాస్త తీరికకి అది చాలు.

కట్టు విప్పే రోజు రానే వచ్చింది. టికెట్ కొట్టేసిన సంగతి ఆ నవ్వుల్లో అందరూ మరిచిపోయినట్టే ఉన్నారు. మరిచిపోనిది అత్తగారు ఒక్కతే. ఆస్పత్రి నుంచి వచ్చి, చేతికర్ర మోపుకుని, చీరలు మడిచి సంచీలో పెట్టుకుంది. ఆడిన మాట తప్పితే ఆవిడ ఆవిడే కాదు. మరిది వీధిలో ఆటో ఆపి లోపలికొచ్చాడు, సంచీ అందుకున్నాడు. దర్జీ అమ్మ వంకా, పెళ్ళాం వంకా మార్చి మార్చి చూశాడు. 

"వస్తానమ్మాయ్. నీ గోడ నీకొచ్చింది. మంచం మడిచేసుకో" అంది అత్తగారు.

డ్రైవరమ్మ మంచం మడవలేదు. కోరుకున్నదే జరుగుతోంది. అంత కోరుకున్నది జరుగుతుంటే సంతోషం మాత్రం రాలేదు. వెళ్ళి మంచం అంచున కూర్చుని రిమోట్ తీసుకుంది. తెర మీద పందెం మొదలైంది. పచ్చదీపం వెలిగింది. కార్లన్నీ రయ్యిమన్నాయి. ఎర్ర కారు మాత్రం గీత మీదే నిలబడింది.

గుమ్మం దాకా వెళ్ళిన అత్తగారు వెనక్కి తిరిగింది. ఆగిపోయిన బండిని చూసి ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. "పోనివ్వవేమే? అందరూ పోయారు."

"మీరు రైట్ అనలేదుగా."

"నేను దిగిపోయాను. ఇంకెవర్నైనా చూసుకో."

"ఈ బండికి ఇంకో కండక్టర్ లేరు."

అత్తగారు కర్ర మీద బరువు మార్చుకుంది. "ఆ రోజు ముసలిదానా అన్నావే, అది లారీనేనా?"

దర్జీ చేతిలో కత్తెర ఆగింది.

"సగం లారీని, అత్తయ్యా."

"మిగతా సగం?"

"మిమ్మల్నే. ఈ గోడ కోసం." చెప్పేసింది. చెప్పేశాక ఏడుపు ఆగలేదు, రిమోట్ పట్టుకున్న చేతి వెనకతోనే కళ్ళు తుడుచుకుంది. "గోడ నాకొద్దు. మీరు వెళ్ళిపోతే ఆ లారీని నేను దాటలేను."

ఆవిడ కోడలి మొహం చూసింది. కోపంగా కాదు. లెక్కలేనన్ని మొహాలు చూసిన కళ్ళకి ఎవరు టికెట్ ఎగ్గొడుతున్నారో, ఎవరు నిజంగా చిల్లర లేక నిలబడ్డారో తెలుస్తుంది.

"ఒరేయ్, ఆ సంచీ లోపల పెట్టు" అంది చిన్నకొడుకుతో.

"అదేంటమ్మా, కొట్టిన టికెట్ వాపసు లేదన్నావ్?"

"వాపసు ఎవడడిగాడురా? నేను దిగాల్సిన స్టాపు ఇంకా రాలేదు, అంతే."

కర్ర గోడకి ఆనించి, మంచం మీద కోడలి పక్కన కూర్చుంది.  అలవాటు ప్రకారం ముందు బండంతా ఒకసారి కలయజూసింది. నేల మీద బట్టల మధ్య పెద్దకొడుకు, గుమ్మంలో సంచీ పట్టుకుని ఎటూ తేలని చిన్నకొడుకు.

"గుమ్మంలో నిలబడ్డవాళ్ళు లోపలికి జరగండి" అంది గట్టిగా. మరిది సంచీతో సహా లోపలికి జరిగాడు.

అప్పుడు కోడలి వైపు చూసి చెప్పింది.

"రైట్ రైట్!"

అందరి కంటే వెనకబడ్డ ఎర్ర కారు కదిలింది.